అద్దంలా విరిగిన రాయి

“తినకపోతే విరిగిన రాయి అతుక్కుంటుందా?” అంది ఇస్మెనియా.

బెలిసారియో ముందున్న పళ్ళెంలో మొక్కజొన్న రొట్టె ఎండి అంచులు పైకి లేచాయి. గుడ్డు కొట్టి పోసిన పాల చారు మీద మీగడ కట్టింది. అతను రెండు చేతులూ బల్ల మీద బోర్లించి వాటినే చూస్తూ కూర్చున్నాడు, ఎవరో కుదువ పెట్టి మళ్ళీ విడిపించుకోకుండా వదిలేసిన సామానును చూసినట్టు.

అప్పుడే బొగొతా బస్సు దిగి వచ్చిన ఒతీలియా గుమ్మంలోనే ఆగింది. తమ్ముణ్ణి చూసింది. పొయ్యి దగ్గర నిలబడ్డ మరదల్ని చూసింది. తర్వాత గోడకున్న మేకును చూసింది. మేకుకు వేలాడాల్సిన చిన్న సుత్తి లేదు.

“సుత్తేది?”

“కోళ్ళ గూటి వెనక్కి విసిరికొట్టారు,” అంది ఇస్మెనియా. “నేను ఏరి తెచ్చి పిండి డబ్బాలో పెట్టాను. ఈయనగారి అలక్కి పనిముట్లు కూడా పోగొట్టుకోవాలా వదినా?”

“బయటికి తియ్యి. ఇవాళ దాంతో పనుంది.”

బెలిసారియో తలెత్తాడు. “నాకు లేదు. ఈ చేతులు ఇక దేనికీ పనికిరావు.”

“చేతుల సంగతి తర్వాత చూద్దాం. ముందు తిను.”

“మీకు ఎప్పుడూ పొయ్యి, గిన్నె, తిండి. అంతేనా అక్కా?”

“ఆ మూడూ ఆగిన రోజున మిగతావి ఎన్ని నిలుస్తాయో నేను చూశాను. తిను.”

అతను తినలేదు. ఒతీలియా భుజం మీది ఉన్ని దుప్పటి తీసి మడిచి, సంచీ ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. ఎవరితోనైనా బేరం మొదలుపెట్టే ముందు ఆమె అలాగే కూర్చుంటుంది. సంచీ ఒళ్ళో ఉంటే ఎప్పుడైనా లేచి పోవచ్చని ఎదుటివాడికి తెలుస్తూ ఉంటుంది.

“నేను లేనప్పుడు సతుర్నీనో మళ్ళీ వచ్చాడా?”

“వచ్చారు. గడప దాటలేదు,” అంది ఇస్మెనియా గొంతు తగ్గించి. “వీధిలోంచే కేకేశారు. ‘ఒరే బెలిసారియో, నడిమి ముక్క ఎక్కడ దాచావురా’ అని. ఒరే అన్నారు వదినా. ఊరంతా పూజకి పోయే వేళ.”

ఒతీలియా కళ్ళు మూసి తెరిచింది. సతుర్నీనో వీళ్ళ బిడ్డకు జ్ఞానస్నానంలో తండ్రిగా నిలిచిన మనిషి. ఆ రోజు నుంచి అతనూ బెలిసారియో కొంపాద్రేలు, ఇంట్లో ఆడవాళ్ళు అతనికి కొమాద్రేలు. చివోర్ కొండల్లో కొంపాద్రేలైన వాళ్ళు చిన్నప్పుడు ఒకే గుంటలో పొర్లాడినవాళ్ళైనా సరే, ఆ నీళ్ళు బిడ్డ తల మీద పడ్డ క్షణం నుంచి ‘మీరు’ అనే పిలుచుకోవాలి. ఒకరి మీద ఒకరు నింద వేయకూడదు. సతుర్నీనో మాటా దాటాడు, నిందా వేశాడు.

ఆమెకు అతని కోపం అర్థం కాకపోలేదు. బెలిసారియో చేసింది కొత్త పని కాదు. సొరంగంలోంచి వచ్చిన స్ఫటికానికి అంటుకున్న నల్ల రాతిని చిన్న సుత్తితో తట్టి రాల్చడం నలభై ఏళ్ళుగా అతని పని. ఆ బొటనవేలంత స్ఫటికాన్నీ అలాగే తట్టాడు. అది రెండైంది. పచ్చ విరిగితే సీసా పగిలినట్టు విరుగుతుంది, గరుకుగా, వంకరటింకరగా. ఇది మాత్రం అద్దం ముక్కలా నున్నగా విరిగింది. పచ్చరాళ్ళ మధ్య పుట్టి పెరిగిన ఎవడైనా అది చూసి ఒకటే అంటాడు: ఇది సుత్తికి విరిగింది కాదు, రంపానికి కోసింది, మధ్యలోంచి ఒక పలక తీసి దాచేశారు. సతుర్నీనో కూడా అదే అన్నాడు.

“ఆ రాయి చూపించాను,” అంది ఒతీలియా. “బొగొతాలో.”

“ఏ రాయి?”

“నా వాటా కింద తీసుకున్నది. చిన్నది.”

సొరంగానికి పొయ్యి పెట్టినవాళ్ళకి, అంటే లోపల తవ్వేవాళ్ళకి తిండీ బండ పేల్చే తూటాలూ దీపాలూ సమకూర్చినవాళ్ళకి, చిన్న రాళ్ళలో మొదటి ఎంపిక. అది పాత కట్టుబాటు. ఆ పెద్ద స్ఫటికం పక్కనే, అదే పగులులోంచి వచ్చిన చిటికెనవేలంత రాయిని ఒతీలియా ఎంచుకుంది. లేత నీలం, అడుగున కాస్త ఆకుపచ్చ. రంగు తక్కువని సతుర్నీనో అప్పుడు నవ్వాడు కూడా.

“అది పచ్చ కాదు, బెలిసారియో. నీ చేతిలో విరిగిన పెద్దదీ పచ్చ కాదు.”

గిన్నె కలుపుతున్న ఇస్మెనియా గరిటె పట్టుకునే ఇటు తిరిగింది.

“ఏమిటి కాదు?” అంది.

“పచ్చ కాదు. వేరే రాయి. పచ్చలో ఉండే లోహమే దీన్లోనూ ఉందట, బెరీలియం అని. ఒక తల్లి పిల్లలే, గుణాలు వేరు. పేరు యూక్లేజ్. పచ్చ కన్నా చాలా అరుదు. సులువుగా విరిగేది అని ఆ పేరుకి అర్థమట. ఒకే ఒక్క వైపు, చిన్న దెబ్బకి, అద్దంలా విడిపోతుంది. అక్కడ రాళ్ళు పరీక్షించి కొనే ఆ పెద్దాయన రాయి చేతిలోకి తీసుకోగానే మొదట అడిగిన మాట ఏంటో తెలుసా? ‘అమ్మా, దీన్ని సుత్తితో తాకలేదు కదా’ అని.”

ఒతీలియా తమ్ముడి మొహంలో సంతోషం కోసం చూసింది. సంతోషం రాలేదు. కోపం వచ్చింది.

“నలభై ఏళ్ళు పచ్చ కోసం తవ్వాను. పచ్చ కానిదాన్ని చేతిలో పట్టుకుని పచ్చ అనుకున్నానంటారా?”

“అందరం అనుకున్నాం.”

“మీరు అనుకోవచ్చు. మీరు కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు. నేను దాని పక్కన పడుకుని లేచినవాణ్ణి.”

“మంచిది. దొంగ అన్న పేరు ఉంచుకుంటావా, గుడ్డివాడన్న పేరు పెట్టుకుంటావా? రెండే ఉన్నాయి, ఒకటి ఎంచుకో. నేనైతే గుడ్డితనమే తీసుకుంటాను. దానికి మందుంది.”

ఇస్మెనియా నవ్వు ఆపుకోలేక పొయ్యి వైపు తిరిగింది. బెలిసారియో నవ్వలేదు. కుర్చీ వెనక్కి జరిపాడు.

“ఇవాళ పూజ అయ్యాక కాఫీతోట డాన్ అకిలేయో మన సొరంగం కొనే కాగితం తీసుకుని అక్కడికి వస్తున్నాడు. కొంపాద్రే సంతకం చేస్తాడు. నేనూ చేస్తాను. వాటాదారులం ముగ్గురిలో ఇద్దరం. ఇక ఆ పచ్చా వద్దు, ఈ అద్దమూ వద్దు.”

“ఎంతకి అమ్ముతున్నావో అయినా తెలుసా?”

“ఎంతకైనా.”

“ఎంతకైనా అన్నవాడు అమ్మడు నాయనా, పారేసుకుంటాడు.” ఒతీలియా లేచి, పిండి అంటుకున్న సుత్తిని మరదలి చేతిలోంచి తీసుకుని పావడా అంచుతో తుడిచింది. “సరే, అమ్ము. నేను అడ్డం రాను. ఒక్క మాట విను. దొంగ అన్న పేరుతో సంతకం పెడితే ఆ పేరు కూడా కాగితంతో పాటు రాసిచ్చినట్టే. తర్వాత నీ కూతురి పెళ్ళిలో కూడా ఎవడో ఒకడు నడిమి ముక్క ఎక్కడుందని అడుగుతాడు. ముందు ఆ మరక కడుగుదాం. తర్వాత నీ ఇష్టం.”

“ఎలా కడుగుతారు? మీ బొగొతా ముసలాయన వచ్చి చెప్తాడా?”

“ఆయన రాడు. రాయే చెప్తుంది.”

బెలిసారియో అక్క చేతిలోని సుత్తిని చూశాడు. ఆమె సంచీని చూశాడు. అర్థమైంది.

“ఆ చిన్నదాన్ని ఆ ముసలాయన కొంటానన్నాడా?”

“అన్నాడు.”

“ఎంతకి?”

“వచ్చే ఏడాది పొయ్యి మొత్తం దాంట్లో వెళ్ళిపోతుంది. రొట్టె తిను. కొండ ఎక్కాలి.”

అతను రొట్టె చేతిలోకి తీసుకున్నాడు. తిన్నాడో, జేబులో వేసుకున్నాడో ఆమె చూడలేదు.

*

కొండదారి డాన్ అకిలేయో కాఫీతోట పక్కనుంచి పోతుంది. వాన వెలిసి గంట కాలేదు. ముందు వెళ్తున్న కంచరగాడిద ఆయన గేటు ఎదుట మోకాళ్ళదాకా బురదలో దిగి కాలు పీక్కోలేక నిలబడింది. తోలేవాడు దాని తల్లిని, తల్లి తల్లిని తిడుతున్నాడు.

ఒతీలియా ఆగి ఆ బురదను చూసింది.

“ఏమైంది వదినా? జారిందా?” వెనక కుండ మోస్తూ వస్తున్న ఇస్మెనియా అడిగింది.

“మనం సొరంగంలోంచి తీసి పారేసిన చెత్తరాయి బండ్లకి బండ్లు తోలించుకున్నాడు కదా ఈయన, గేటు ముందు రోడ్డు వేసుకుంటానని.”

“అవును. దండం పెట్టి మరీ అడిగారు. మనం ఊరికే ఇచ్చాం.”

“రోడ్డేది?”

ఇస్మెనియా బురదను చూసింది. గాడిదను చూసింది.

ఊరికే తీసుకున్న సరుకు ఎక్కడికి పోయిందో అడగనివాడు వ్యాపారి కాడు. ఒతీలియా ఆ ప్రశ్నను మనసులో ఒక పక్కన, చేతికందేలా పెట్టుకుని నడిచింది.

*

వాళ్ళ సొరంగం పేరు లా తెర్కా. మొండిదని అర్థం. ఒతీలియా పొయ్యి పెట్టడం మొదలుపెట్టినప్పుడు సతుర్నీనోయే ఆ పేరు పెట్టాడు, ఆమె ఎదురుగానే. ఆమె నవ్వి, పేరు పెట్టినవాడికి ఆ రోజు మాంసం ముక్క ఒకటి తక్కువ వేసింది.

సొరంగం నోట్లో చికింకిరా మాత పటం, దాని కింద ఆరిపోయిన కొవ్వొత్తి. నేల మీద అడ్డంగా ఒక పాత చెక్క. ఆడవాళ్ళు ఆ చెక్క దాటకూడదు. దాటితే పచ్చ రాతిలోకి ముడుచుకుపోతుందని తాతల మాట. ఇన్నేళ్ళూ ఒతీలియా కుండ తెచ్చి చెక్క ఇవతల పెట్టి, అడుగు వెనక్కి వేసి నిలబడేది. లోపలినుంచి చేతులు వచ్చి కుండ తీసుకునేవి.

సతుర్నీనో ఒక బండ మీద టోపీ కళ్ళదాకా లాక్కుని కూర్చున్నాడు. పక్కన డాన్ అకిలేయో, తెల్లగా ఉతికిన చొక్కా, చేతిలో మడతపెట్టిన కాగితం, జేబులో రెండు కలాలు. ఒకటి రాయకపోతే రెండోది ఉండాలని తెచ్చుకున్న మనిషి. ఒతీలియాకి ఆ రెండో కలమే నచ్చలేదు. అంత ముందుచూపు ఉన్నవాడు పచ్చలు తగ్గిపోయిన సొరంగం ఎందుకు కొంటాడు?

“దోన్యా ఒతీలియా, ప్రయాణం బాగా జరిగిందా?” అన్నాడు.

“బాగా జరిగింది. మీ గేటు దగ్గర గాడిద ఒకటి దిగబడింది. చూసుకోండి.”

“ఈ వానలకి…”

“అవును. వానలకే.”

సతుర్నీనో బెలిసారియో వైపు చూడకుండా గొంతు సవరించుకున్నాడు. “రాసేది రాసేద్దాం. నాకు పొలంలో పనుంది.”

“రాద్దాం కొంపాద్రే,” అంది ఒతీలియా. “రాసేముందు మీ చేత్తో ఒక చిన్న పని చేసిపెట్టండి.”

ఆమె సంచీలోంచి దూది పొట్లం తీసి విప్పింది. చిన్న స్ఫటికం. మబ్బు వెలుతురులో కూడా లోపల నీళ్ళు కదిలినట్టుంది. ఒక చదునైన రాతి మీద దూది పరిచి, దాని మీద స్ఫటికాన్ని పెట్టింది. సుత్తి తీసి పిడి సతుర్నీనో వైపు తిప్పింది.

“దీనికి ఇక్కడ, ఈ పక్కన, నల్ల రాయి కాస్త అంటుకుని ఉంది. మీరెప్పుడూ తట్టినట్టే తట్టి రాల్చండి.”

“మీ తమ్ముడున్నాడుగా.”

“మా తమ్ముడు తడితే రంపంతో కోశాడంటారు. మీరు తట్టండి. మీ దగ్గర రంపం లేదని మేమందరం చూస్తున్నాం.”

సతుర్నీనో మొహం ఎర్రబడింది. సుత్తి అందుకున్నాడు. బండ దిగి రాతి ముందు గొంతుక్కూర్చున్నాడు. సుత్తి ఎత్తాడు.

“ఆగండాగండి,” డాన్ అకిలేయో ఒక్క అంగలో ముందుకొచ్చాడు. “మతుండే చేస్తున్నారా? యూక్లేజ్‌ని అలా కొడితే…”

చాచిన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఎక్కడో లోపల సొరంగం కప్పు నుంచి నీటిచుక్క పడిన చప్పుడు వినిపించింది. మరొకటి పడింది.

“నేను పేరు చెప్పలేదు డాన్ అకిలేయో,” అంది ఒతీలియా.

“ఏ పేరు?”

“మీరిప్పుడు అన్నది. నాకు నిన్ననే తెలిసింది, బొగొతాలో. మీకు ఎప్పుడు తెలిసింది? మా చెత్తరాయి బండ్లకి ఎత్తించకముందా, ఎత్తించాకా?”

“ఎవరో అంటుంటే విన్నాను…”

“అందుకే మీ గేటు ముందు ఇంకా బురదే. రోడ్డు వెయ్యాల్సిన చెత్తరాయిలోంచి ఈ రాళ్ళు ఏరి బీరువాల్లోకి ఎక్కించారన్నమాట.”

సతుర్నీనో సుత్తి దించి ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూశాడు. “ఏంటి కొమాద్రే ఇది? ఇది పచ్చ కాదా?”

“కాదు. చిన్న దెబ్బకి అద్దంలా విడిపోయే రాయి. అందుకే ఆయన మిమ్మల్ని ఆపాడు.”

సతుర్నీనో సుత్తి పక్కన పెట్టబోయాడు. “అయితే ఇంకెందుకు కొట్టడం? ఆయనే చెప్పాడుగా. చాలు. ఇంత మంచి రాయి.”

ఒతీలియా ఆ రాయిని చూసింది. చూస్తూ తూకం వేసింది. ఒక పళ్ళెంలో ఏడాది పిండి, బెల్లం, ఉప్పు, తూటాలు. రెండో పళ్ళెంలో తమ్ముడి పేరు. ఇప్పుడు ఆపేస్తే రాయి మిగులుతుంది. కానీ రేపు ఈ అకిలేయో, నేనలా అనలేదంటాడు. ఎల్లుండి సతుర్నీనో భార్య ఏటి ఒడ్డున బట్టలుతుకుతూ, ఏమో, ఎవరు చూశారు అంటుంది. సగం కడిగిన మరక మొత్తం మరక కన్నా ఎక్కువ కనిపిస్తుంది.

“కొనేవాడి నోటిమాట సాక్ష్యం కాదు కొంపాద్రే. కొట్టండి.”

“అక్కా, వద్దు,” అన్నాడు బెలిసారియో.

“నీ చేత్తో కాదుగా. నీకెందుకు?”

“మీకు పొయ్యి…”

“నా పొయ్యి నేను చూసుకుంటాను. కొట్టండి.”

సతుర్నీనో కొట్టాడు. గట్టిగా కాదు, చిలకని ముద్దుచేసేవాడు ముక్కు మీద తట్టినట్టు. టక్ మంది.

నల్ల రాయి రాలలేదు. స్ఫటికం రెండైంది.

అతను ఒక ముక్క పైకెత్తాడు. విరిగిన చోట మొహం కనిపించేంత నున్నన. రెండో ముక్క తీసుకుని రెంటినీ కలిపాడు. గీత కూడా మిగల్లేదు. బెలిసారియో వైపు చెయ్యి చాచాడు. బెలిసారియో చొక్కా లోపలినుంచి రుమాలు మూట తీసి ఇచ్చాడు. సతుర్నీనో ఆ పెద్ద స్ఫటికం ముక్కలు రెండూ విప్పి, వాటినీ కలిపాడు. అవీ అంతే కుదురుగా కూర్చున్నాయి. రంపం పెడితే దాని పళ్ళ మందమైనా తినేస్తుంది. ఇక్కడ వెంట్రుక మందం కూడా పోలేదు. అన్నాళ్ళూ రెండు ముక్కల్నీ కలిపి చూడాలని వాళ్ళలో ఒక్కరికీ తోచలేదు. పచ్చ ముక్కల్ని ఎవరూ కలిపి చూడరు, అవి అంచులు పొడి రాలి ఎప్పుడూ సరిగ్గా కలవవు కాబట్టి.

సతుర్నీనో లేచి టోపీ తీశాడు. జుట్టు చెమటకి నుదుటికి అంటుకుంది.

“కొంపాద్రే,” అన్నాడు. “మిమ్మల్ని అనకూడని మాట అన్నాను. వీధిలో అన్నాను. వీధిలోనే వెనక్కి తీసుకుంటాను, వచ్చే ఆదివారం, పూజ వదిలాక, అందరూ వినేలా.”

బెలిసారియో తల ఊపాడు.

“ఇంకొకటి. ఈ సొరంగంలో నా మాట ఇవాళ్టికి మీది. మీరు అమ్ముదామంటే అమ్ముదాం. ఉంచుదామంటే ఉంచుదాం. నింద వేసినవాడికి ముందుగా మాట్లాడే హక్కు లేదు.”

అది కూడా పాత కట్టుబాటే. ఒతీలియా లోపల ఊపిరి పీల్చుకుంది. లెక్క సరిపోయింది. తమ్ముడి మాట, దాని వెనక కొంపాద్రే మాట, పక్కన తన మాట. అకిలేయో తన రెండు కలాలూ పట్టుకుని కొండ దిగొచ్చు. పోయిన రాయి పోయింది, కానీ ఆ రాయి పుట్టిన పగులు ఇంకా లోపలే ఉంది.

“చెప్పు బెలిసారియో,” అంది. “ఆయన్ని ఎంతసేపు నిలబెడతాం?”

నలుగురూ అతన్నే చూస్తున్నారు. అతను మాత్రం నేల మీది చెక్కను చూస్తున్నాడు.

“అక్కా,” అన్నాడు చివరికి, “మీరు నా కోసం ఏం పగలగొట్టించారో నాకు తెలుసు. చచ్చేదాకా మర్చిపోను. కానీ ఆ రాయి ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకు తెలుసా?”

“లోపల్నుంచి.”

“లోపల్నుంచి,” అతను మొదటిసారి నవ్వాడు, ఆ నవ్వులో తీపి లేదు. “కుండ చెక్క దగ్గర పెట్టి వెళ్తారు. రాయి చెక్క దగ్గరికి తెచ్చిస్తాం. మీకు తెలిసిన సొరంగం ఈ చెక్కదాకానే. ఆ పగులు ఉన్న చోటికి చివర్లో పొట్ట మీద పాకాలి. కప్పుకి ఆన్చిన దుంగలు నీళ్ళు తాగి మెత్తబడ్డాయి. నేను రోజూ వాటి కింద నుంచి పాకుతూ మాతకి మొక్కుకుంటాను. మీకు ఎప్పుడూ చెప్పలేదు.”

“ఎందుకు చెప్పలేదు?”

“మీరెప్పుడూ కుండ సరిపోయిందా అనే అడిగారు.”

ఒతీలియా మరదలు మోసుకొచ్చిన కుండను చూసింది.

“ఉంచుదామన్నా నేనే లోపలికి పోవాలి,” అన్నాడు బెలిసారియో. “అందుకని ఒకటి అడుగుతాను. నాతో లోపలికి రండి. చివరిదాకా. చూశాక కూడా తవ్వమంటే తవ్వుతాను, ఎదురు చెప్పను. వద్దంటే సంతకం చేస్తాను. రాకపోయినా చేస్తాను.”

“కొంపాద్రే, ఏం మాటలివి?” సతుర్నీనో టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. “ఆడమనిషి లోపల కాలు పెడితే రాయి దాక్కుంటుంది. మా నాన్న చెప్పాడు, మీ నాన్నా చెప్పాడు.”

“పచ్చ దాక్కుంటుందన్నారు. ఈ రాయికి ఆడవాళ్ళంటే భయమని ఎవరూ చెప్పలేదు.”

“నవ్వులాట కాదు.”

“నేను నవ్వడం లేదు కొంపాద్రే.”

సతుర్నీనో రెండడుగులు వెనక్కి వేశాడు. “నేను బతికుండగా ఈమె ఆ చెక్క దాటితే, ఇక ఈ సొరంగంతో నాకు పనిలేదు. నా మాట మీకిచ్చాను. ఇప్పుడు నాకు వెనక్కి ఇచ్చేయండి.”

“తీసుకోండి,” అన్నాడు బెలిసారియో శాంతంగా.

సతుర్నీనో చెయ్యి చాచాడు. డాన్ అకిలేయో మొదటి కలం ఇచ్చాడు. అది రాసింది. రెండోదాని అవసరం రాలేదు. సతుర్నీనో పేరు కాగితం మీద పడింది. అకిలేయో సిరా మీద ఊది, కాగితం మోకాలి మీద పెట్టుకుని బండ మీద కూర్చున్నాడు.

“ఒకటి పడింది,” అన్నాడు. “రెండోదాని కోసం ఇక్కడే ఉంటాను. మీరు తీరిగ్గా చూసి రండి దోన్యా ఒతీలియా.”

ఆ గొంతులోని మర్యాద విని, లోపలికి వెళ్ళాలా వద్దా అని ఆమెకు ఉన్న సందేహం కూడా పోయింది. ఎదుటివాడు తొందరపెట్టడం లేదంటే తన వైపు తూకం దిగిందని నమ్ముతున్నాడన్నమాట. తను బయటికి వచ్చి వద్దని చెప్తుందని అతని ధీమా. లోపల ఏముందో అతనికీ తెలుసు.

“సతుర్నీనో, మీ బూట్లు విప్పండి,” అంది.

“నా బూట్లా?”

“సొరంగంతో పనిలేదన్నారుగా. బూట్లతో మాత్రం ఏం పని?”

అతను విప్పాడు. ఎందుకు విప్పాడో తనకే తెలియనట్టు, మేజోళ్ళ కాళ్ళతో బురదలో నిలబడ్డాడు. ఇస్మెనియా కుండ దించి, తలకి కట్టుకున్న గుడ్డ విప్పి రెండుగా చింపింది. వదిన ముందు కూర్చుని ఆ గుడ్డలు బూట్ల ముందు భాగంలో కుక్కింది, కాళ్ళకి తొడిగింది, పావడా అంచులు ఎత్తి నడుముకి దోపింది.

“నేను రోజూ సాయంత్రం ఈ చెక్క దగ్గరే నిలబడతాను వదినా,” అంది నేల చూస్తూ, “ఆయన దగ్గు వినిపించేదాకా. ఏం చూసొచ్చినా, నాకు నిజం చెప్పండి.”

“చెప్తాను.”

బెలిసారియో దీపం వెలిగించుకుని ముందు నడిచాడు. ఒతీలియా మాత పటం ముందు శిలువ గుర్తు వేసుకుని, చెక్క మీద నుంచి కాలు ఎత్తి అవతల పెట్టింది. ఏ పిడుగూ పడలేదు. వెనక సతుర్నీనో ఏదో ప్రార్థన గొణగడం వినిపించింది.

లోపల గాలి బరువుగా, వెచ్చగా ఉంది. నల్ల గోడలు చెమర్చాయి. మొదటి మలుపు తిరగ్గానే బయటి వెలుతురు తెగిపోయింది. తల కప్పుకి తగిలింది. మట్టి రాలి మెడలోకి జారింది. చెయ్యి పక్కనున్న దుంగ మీద వేసింది. వేలు చెక్కలోకి, నానిన రొట్టెలోకి దిగినట్టు దిగింది.

ఆమె వేలు వెనక్కి తీసుకుంది. దీపం వెలుతురులో వేలికి అంటుకున్న గుజ్జును చూసింది. ఇన్నేళ్ళూ ఈ దుంగ కింద నుంచే కుండలు లోపలికి పోయాయి.

“ఇదేనా నువ్వు చెప్పిన చోటు?” అంది.

బెలిసారియో వెనక్కి తిరిగాడు. దీపం అతని మొహానికి కింద నుంచి తగిలింది.

“కాదక్కా,” అన్నాడు. “ఇది మంచి భాగం.”